తలుపు తెరిచి ఉంచు

మార్చి 4, 1978, శనివారం
గాలి తూర్పు. పొగమంచు.

ఇలాగే మొదలుపెట్టేవాడు మా అబ్బాయి క్లిఫ్. ముందు గాలి, తర్వాత ఆకాశం, ఆ తర్వాతే పావురాలు. ఈ పుస్తకం వాడిదే. నవంబరు 23 దాకా వాడి రాత ఉంది, చిన్న చిన్న అక్షరాలు, గింజలు చల్లినట్టు. అక్కణ్ణుంచి సగం పుస్తకం తెల్లగా ఉంది. పారెయ్యడానికి చేతులు రాలేదు. అలా వదిలెయ్యడానికి మనసు రాలేదు.

నాకు రాయడం పెద్దగా రాదు. పద్నాలుగో ఏట బడి మానిపించి పెద్దింట్లో పనికి పెట్టారు. రాస్తే అన్నీ పెద్ద అక్షరాలే వస్తాయి, కొట్టు బోర్డు మీద రాసినట్టు. ఎవరు చూడాలి గనక.

ఇవాళ రైలు కట్ట మీది తోటకి వెళ్ళాను. వాడి పావురాల షెడ్డు ఖాళీ. బకెట్టు బోర్లించి దాని మీద కూర్చున్నాను. తలుపు సందుల్లోంచి సముద్రపు పొగమంచు లోపలికొచ్చి నా పక్కనే కూర్చుంది. కళ్ళు మూసుకుంటే రెక్కల చప్పుడు. తెరిస్తే లేదు. చాలాసేపు మూస్తూ తెరుస్తూ కూర్చున్నాను.

మార్చి 7
గాలి తూర్పే. వాన లేదు.

వాడు పోయిన పదో రోజున పందెం పావురాల క్లబ్బువాళ్ళు బుట్టలతో వచ్చి పావురాల్ని తీసుకెళ్ళారు. సభ్యుడు పోతే ఇక్కడ అదే ఆనవాయితీ, పక్షులు పస్తు ఉండకూడదని తలా కొన్ని సర్దుకుంటారు. కార్యదర్శి విల్ఫ్ ఆర్డ్ ఒక కాగితం ముందుపెట్టి, "ఇక్కడ సంతకం పెట్టు తల్లీ" అన్నాడు. పెట్టాను. అది దేని కాగితమో చూడలేదు. ఆ రోజు నా చావు కాగితం పెట్టినా సంతకం చేసేదాన్ని.

నీలి గళ్ళ ఆడపావురాన్ని మాత్రం విల్ఫే ఉంచుకున్నాడు. ఫ్రాన్సులో వదిలితే సముద్రం దాటి సాయంత్రానికి మా క్లిఫ్ చేతిలో వాలిన పక్షి అది.

ఆ పొద్దున్న సంగతి ఒకసారి రాస్తాను. రాస్తే బయటికి పోతుందేమో.

నవంబరు 24. నాలుగున్నరకి గని షిఫ్టుకి వెళ్ళబోతూ వాడన్నాడు, "అమ్మా, నీలి గళ్ళది ఈకలు రాలుస్తోంది, విడిగా పెట్టాను. తెల్లారాక దానికి కాస్త బార్లీ వెయ్యవే." నేనన్నాను, "నీ పక్షులకి నువ్వే వేసుకో, నీకు చేసే చాకిరీ చాల్లేదా." నవ్వాడు. మోటార్‌సైకిల్ తీశాడు. కొండ మలుపులో రోడ్డు మీద మంచు గడ్డకట్టి ఉందట.

తొమ్మిది కాకముందే పోలీసులు తలుపు కొట్టారు. మర్నాడు సాయంత్రం దాకా ఆ పక్షికి ఎవరూ గింజ వెయ్యలేదు.

మార్చి 11, శనివారం
గాలి నైరుతి. బాగుంది.

విల్ఫ్ దగ్గరికి వెళ్ళి నీలి గళ్ళదాన్ని ఇమ్మని అడిగాను. ఇవ్వనన్నాడు. కసురుకోలేదు, మెల్లగానే అన్నాడు. ఇంత ఎదిగిన పక్షిని కొత్త ఇంటికి తెచ్చాక మళ్ళీ ఆకాశంలోకి వదలరు, వదిలితే పుట్టిన గూటికే పోతుంది. అందుకని దాని పిల్లల కోసం జన్మంతా తలుపు వేసి ఉంచుకుంటారు. మావాళ్ళు అలాంటివాటిని ఖైదీలంటారు. నాకిదంతా తెలుసు. ముప్పై మూడేళ్ళు ఆ మాటలు వింటూనే వంట చేశాను.

"క్లిఫే ఇస్తానన్నాడు నాకు" అన్నాడు విల్ఫ్. "అయినా నీకెందుకు తల్లీ, పావురం కనపడితే చీపురు తీసేదానివి నువ్వు."

అది నిజం.

లోపల్నించి దాని గొంతు వినపడింది. వచ్చేటప్పుడు గేటు దగ్గర చాలాసేపు ఆగాను.

మార్చి 14
గాలి పడమర.

విల్ఫ్‌కి ఒక ఉత్తరం ముక్క రాసి పోస్టులో వేశాను. అడిగానంతే. నువ్వేం తెచ్చివ్వక్కర్లేదన్నాను. శనివారం నీ షెడ్డు తలుపు తెరిచి ఉంచు, ఎక్కడికి పోవాలో అదే చూసుకుంటుంది. అతని దగ్గరే ఉంటే అతనిది, మా షెడ్డుకి వస్తే మాది అనుకున్నాను. ఇంతకన్నా న్యాయం ఏముంది. పక్షినే అడగమన్నాను.

ఇందులో ఎవరికీ ఏ నష్టమూ లేదు.

మార్చి 15
గాలి దక్షిణం. ఉత్తరం ఈపాటికి చేరి ఉంటుంది.

మార్చి 18, శనివారం
గాలి లేదు. పొగమంచు.

పొద్దున తొమ్మిది నుంచి షెడ్డులో ఉన్నాను. గింజల డబ్బాలో బార్లీ పోశాను. వాడు ఊపినట్టే ఊపాను, మూడుసార్లు, ఆగి, మళ్ళీ మూడుసార్లు. తెల్లటి పొగలో సముద్రం ఏదో, కట్ట ఏదో తెలియలేదు. రైలు వెళ్తే చప్పుడు మాత్రమే వెళ్ళింది. ఒకసారి క్లిఫ్ అవతలి గదిలో వీపు ఇటు పెట్టి నిలబడి గూళ్ళు గీకుతున్నాడు. పిలవలేదు. పిలిస్తే తిరుగుతాడు, తిరిగితే పోతాడు.

"వస్తుంది లేవే, గాలి లేదు కదా, ఆలస్యమవుతుంది" అన్నాడు ఇటు తిరగకుండానే.

నాలుగింటి దాకా కూర్చున్నాను. రాలేదు.

మార్చి 20
గాలి తూర్పు.

హిల్డా వచ్చింది. హిల్డా అంటే విల్ఫ్ పెళ్ళాం. నా పక్క బెంచీలో కూర్చుని చదువుకుంది, నాతోపాటే పెద్దింట్లో గిన్నెలు తోమింది. క్లిఫ్ పుట్టిన రోజు నీళ్ళు కాచింది కూడా తనే.

కోటు విప్పకుండా కూర్చుంది. చేతిసంచిలోంచి కవరు తీసి బల్ల మీద పెట్టింది.

"ఎవరో వెధవ మా ఆయనకి రాశాడే. పేరు లేదు. చూడు ఆ అక్షరాలు, దెయ్యం రాసినట్టు."

నేను కెటిల్ పొయ్యి మీద పెట్టాను.

"పావురాన్ని వదలమంటున్నాడు. దారిలో వల పట్టుకుని కూర్చుంటాడు, నాకు తెలీదా? ఊళ్ళో సగం మంది కళ్ళు దాని మీదే. పైగా ఏదో గడియారం సంగతి బయట పెడతానంటాడు. ఏం గడియారమే? ఆయన్నడిగితే గోడ చూస్తాడు. రెండు రోజులుగా ముద్ద మింగటల్లేదు. అసలే గని దుమ్ము తిన్న ఊపిరితిత్తులు. ఈ ఉత్తరమే ఆయన్ని చంపుతుంది, చూస్తూ ఉండు."

టీ పోశాను. రెండు చెంచాల పంచదార వేశాను, తనకి అలాగే ఇష్టం. చెయ్యి పట్టుకుంది. పట్టుకోనిచ్చాను.

"నీ ఇల్లొక్కటే నాకు నిమ్మళంగా ఉంటుందే" అంది వెళ్తూ.

మార్చి 21
హిల్డా ఉత్తరం తీసుకెళ్ళి పోలీసులకి ఇచ్చిందట. గాలి చూడలేదు.

మార్చి 22
గాలి ఈశాన్యం. చలి.

ఆ రోజు ఉత్తరం గురించి ఇక్కడ రాసినప్పుడు ఒక వాక్యం వదిలేశాను. ఆఖరి వాక్యం. తలుపు తెరవకపోతే గడియారం సంగతి క్లబ్బులో అందరికీ చెప్తాను అని.

ఎందుకు వదిలేశానో తెలీదు. ఈ పుస్తకానికి కూడా చెప్పలేదు.

గడియారం సంగతి ఇది. పందెం ముందు రాత్రి క్లబ్బులో అందరి గడియారాలూ ఒకేసారి కలిపి సీలు వేస్తారు. పక్షి ఇల్లు చేరగానే దాని కాలికున్న రబ్బరు ఉంగరం తీసి గడియారంలో వేసి కొట్టాలి. అది చూపించే టైమే టైము. నిరుడు జూన్‌లో ఫ్రాన్సు పందెం విల్ఫ్ గెలిచాడు. కార్యదర్శిగా ముప్పై ఏళ్ళు చేసి ఒక్క కప్పు కూడా కొట్టని మనిషి గెలిచాడు. అతని గడియారం ఎనిమిది నిమిషాలకి పైనే వెనక ఉంది. పందెం వారం ముందు మా వంటింట్లో కూర్చుని దగ్గుతూ, పోయేలోగా ఒక్కసారైనా బోర్డు మీద పేరు చూసుకోవాలని ఉందన్నాడు. నేను అక్కడే బఠాణీలు ఒలుస్తున్నాను.

విల్ఫ్ చేసిన మోసం అది.

మార్చి 26, ఈస్టరు
గాలి తూర్పు.

ఏటా ఈ రోజుకి హిల్డా, నేను ఉల్లిపొట్టుతో గుడ్లు ఉడకబెట్టి రంగు పట్టించేవాళ్ళం. ఇవాళ తను రాలేదు. నేను వెళ్ళలేదు. ఒక్క గుడ్డు ఉడకబెట్టాను. రంగు బాగా పట్టింది.

మార్చి 28
గాలి పడమర. చినుకులు.

సార్జెంట్ ట్వెడల్ వచ్చాడు. లావాటి మనిషి, చొక్కా బొత్తాముల మధ్య ఈక ఒకటి ఇరుక్కుని ఉంది. ఆయనకీ పావురాలున్నాయి. పుస్తకం తీశాడు, పెన్సిల్ నాకాడు, ఆ నీలి గళ్ళది ఎదురుగాలిలో కూడా ఒక్క రోజులో వచ్చేసిందటగా అని మొదలుపెట్టాడు. దాని తల్లి ఏ రకం, తండ్రి ఏ రకం అని పది నిమిషాలు అడిగాడు. తర్వాత తను ఎందుకొచ్చాడో గుర్తొచ్చి దగ్గాడు.

క్లబ్బు అధ్యక్షుడు స్టాన్ లమ్లీ ఆ పక్షిని మూడుసార్లు అడిగాడట. అతని మీదే అనుమానమట. రేపు స్టేషనుకి తీసుకెళ్తామన్నాడు. క్లిఫ్‌కీ అతనికీ ఏమైనా తగవులున్నాయా అని అడిగాడు.

స్టాన్ లమ్లీ మా క్లిఫ్ శవపేటిక మోసిన ఆరుగురిలో ఒకడు. ఎడమ భుజం వైపు.

"ఆయన్ని వదిలెయ్యండి. అది నేను రాశాను" అన్నాను.

సార్జెంట్ పెన్సిల్ కింద పెట్టాడు.

"అమ్మా, ఆ మాట నేను వినకముందు మీరు కోటు వేసుకోండి, స్టేషనుకి వెళ్దాం. అక్కడ పద్ధతి ప్రకారం వింటాను" అన్నాడు.

మార్చి 29
గాలి గుర్తు లేదు.

బ్లాక్‌మెయిల్ అన్నారు. ఆ మాట సినిమాల్లో విన్నాను. టోపీ పెట్టుకున్నవాళ్ళు చేస్తారు. నేను తలకి నైలాన్ రుమాలు కట్టుకుని ఉన్నాను.

నేను డబ్బు అడగలేదన్నాను. ఏ వస్తువైనా అంతేనట. అది వస్తువు కాదు, పావురం అన్నాను. రాసుకునే కుర్ర పోలీసు నవ్వాడు, సార్జెంట్ నవ్వలేదు. గడియారం సంగతి ఏమిటని అడిగారు. అది క్లబ్బు సంగతి అన్నాను. ఎన్నిసార్లు అడిగినా అదే అన్నాను. విల్ఫ్ కూడా తనకేం తెలీదన్నాడట.

విల్ఫ్‌ని గానీ, వాళ్ళింట్లోవాళ్ళని గానీ కలవకూడదని షరతు పెట్టి ఇంటికి పంపించారు.

మార్చి 30
దారిలో హిల్డా ఎదురైంది. కలవకూడదు కదా అని నేనే రోడ్డు దాటాను. తను నిలబడి, వీధి అంతా వినేలా కాదు, నాకు మాత్రమే వినపడేలా అంది, "నా చెయ్యి పట్టుకుని టీ పోశావు కదే."

ఏప్రిల్ 12
గాలి దక్షిణం. వెచ్చగా ఉంది.

నాకు ప్రభుత్వం లాయర్ని ఇచ్చింది. మిస్ ఫెన్విక్. మా క్లిఫ్ కన్నా చిన్నది. వంటింట్లోనే కూర్చుంటానంది, రొట్టె ముక్క పెడితే తింది. మంచి పిల్ల.

"చట్టం రెండు ప్రశ్నలు అడుగుతుందండీ" అంది. "ఆ పక్షిని అడిగే హక్కు మీకుందని మీరు నమ్మారా? అడగడానికి అలా బెదిరించడం సరైన దారేనని నమ్మారా? రెండూ మనసారా నమ్మితే అది బ్లాక్‌మెయిల్ కాదు. వేరేవాళ్ళు ఏమనుకుంటారని కాదు. ఆ రోజు మీరు ఏమనుకున్నారని."

నేను ఏమనుకున్నానో వాళ్ళకెలా తెలుస్తుందన్నాను. మీరే చెప్పాలి, జ్యూరీలో పన్నెండు మంది వింటారు, నమ్మితే వదిలేస్తారంది. బోను ఎక్కితే గడియారం సంగతి అడుగుతారా అన్నాను. మొదట అడిగేది అదేనంది.

"ఆర్డ్ గారి గురించి మీరు బెంగ పెట్టుకోకండి. బెదిరింపు పడ్డవాళ్ళ పేరు పత్రికల్లో రాకుండా జడ్జిలు చూస్తారు. కోర్టులో ఆయన్ని మిస్టర్ ఏ అంటారు."

"చచ్చిపోయినవాళ్ళ పేరు?"

టీలో చెంచా తిప్పడం ఆపింది. "వాళ్ళకి అలాంటి ఏర్పాటేమీ లేదండీ. ఎందుకు?"

ఊరికే అడిగానన్నాను.

వెళ్ళబోతూ, ఆ రోజుల్లో మీ మనసులో మాట ఎక్కడైనా రాసుకున్నారా, ఉత్తరమో, డైరీయో, ఉంటే చాలా సాయమవుతుందంది. నాకు రాయడం రాదమ్మా అన్నాను. ఈ పుస్తకం అప్పుడు రొట్టెల డబ్బా కింద ఉంది. ఇప్పుడు షెడ్డులో గింజల పెట్టె అడుగున పెట్టాను. రాసుకోవాలంటే ఇక్కడికే రావాలి.

ఏప్రిల్ 13
గాలి దక్షిణం.

రాస్తాను. ఎటూ ఇది ఎవరికీ ఇవ్వబోవడం లేదు.

విల్ఫ్ చేసిన మోసం అని రాశాను. గడియారాలు కలిపి సీలు వేసేది విల్ఫ్ కాదు. పందెం అయ్యాక తెరిచి, ఏది ఎంత తేడాలో ఉందో చూసి లెక్క రాసేది కూడా విల్ఫ్ కాదు. ఆ పని మా క్లిఫ్‌ది. ఆ తాళంచెవి వాడి మెడలో ఉండేది. వాడితోపాటే పూడ్చాం.

వెనక్కి తిప్పితే ఇదే పుస్తకంలో ఉంది. జూన్ 11. గాలి నైరుతి. నీలి గళ్ళది 4.12కి వాలింది. విల్ఫ్‌ది 4.20. పందెం విల్ఫ్‌కి ఇచ్చాను. ముసలోడు నవ్వాడు.

అంతే రాశాడు. నిజానికి గెలిచింది వాడే. క్లబ్బులో గోడ మీద నల్ల బల్ల ఉంది, పోయిన సభ్యుల పేర్లు బంగారు రంగులో రాస్తారు. డిసెంబరులో వాడి పేరు రాశారు. క్లిఫర్డ్ హార్బాటిల్, నమ్మకమైన గడియారదారు. గడియారాలవాడు అబద్ధం ఆడాడని తెలిస్తే ఆ పేరు గీకేస్తారు. మావాళ్ళు దొంగతనమైనా మర్చిపోతారు గానీ గడియారాన్ని కదిపినవాణ్ణి మర్చిపోరు.

నేను ఆ ఉత్తరంలో విల్ఫ్‌ని బెదిరించాననుకున్నాను. ఎవరి పేరు పట్టుకుని బెదిరించానో చూడు.

ఏప్రిల్ 14
పేజీ చింపబోయాను. వాడి చేతిరాత. చింపలేదు.

మే 9
గాలి తూర్పు. ఏమీ కనిపించనంత పొగమంచు.

షెడ్డు ముందు మెట్టు మీద కూర్చుని ఉన్నాను. కంచె అవతల దగ్గు. ఆ దగ్గు ఈ ఊళ్ళో ఎవరిదో అందరికీ తెలుసు. మనిషి కనపడలేదు. కంచె కూడా కనపడలేదు, తెల్లదనం లోంచి దగ్గు ఒక్కటే వచ్చింది.

"నేను నీతో మాట్లాడటం లేదు" అంది ఆ తెలుపు. "మాట్లాడకూడదుగా. పావురాలతో మాట్లాడుతున్నాను."

ఇక్కడ పావురాల్లేవు అన్నాను, నేనూ ఆకాశంతోనే అన్నట్టు.

గడియారం సంగతి తను ఎవరికీ చెప్పలేదన్నాడు. హిల్డాకి కూడా. కప్పుని అల్మారాలో గోడవైపు తిప్పి పెట్టాడట. ఇప్పుడు వెళ్ళి అంతా తనే చేశానని చెప్పేస్తానన్నాడు, అప్పుడు నన్ను వదిలేస్తారేమో. చెప్తే తాళంచెవి ఎవరి దగ్గరుందని అడుగుతారు అన్నాను.

"నేనడిగానే తల్లీ" అన్నాడు తర్వాత. "వాడంతట వాడు చెయ్యలేదు. నేను నోరు తెరిచి అడిగాను. వద్దనలేకపోయాడు పిల్లాడు."

"తెలుసు. అక్కడే ఉన్నాగా."

నేనింకేదో అడగాలి. ఆఖరికి అడిగాను.

"బార్లీ తింటోందా?"

"తింటోంది. బాగా తింటోంది."

పొగమంచు విడిపోయేసరికి కంచె అవతల ఎవరూ లేరు. నిజంగా వచ్చాడో లేదో కూడా చెప్పలేను. గడ్డి మాత్రం అక్కడ ఒక మనిషి నిలబడ్డంత మేర అణిగి ఉంది.

జూన్ 10, శనివారం
గాలి నైరుతి.

ఇవాళ ఫ్రాన్సు పందెం. ఊరంతా తోటల్లో నిలబడి దక్షిణం వైపు చూస్తున్నారు. ఎవరూ మాట్లాడరు ఆ గంటలో. నేనూ చూశాను. మాకు పక్షులు లేవు. అయినా మెడ నొప్పి పుట్టేదాకా చూశాను.

జూన్ 19
గాలి పడమర.

రేపు డరమ్ పట్నంలో కోర్టు. మిస్ ఫెన్విక్ మళ్ళీ వచ్చింది. తప్పు చేయలేదనండి, పోరాడదాం, కొడుకుని పోగొట్టుకున్న తల్లిని చూస్తే ఆ పన్నెండు మందిలో సగం మంది అక్కడే కరిగిపోతారంది. హక్కుందని నమ్మాను, అదే సరైన దారనుకున్నాను అని రెండు మాటలు చెబితే చాలంది.

మొదటి మాట చెప్పగలను. పక్షి వాడిది, వాడు నావాడు.

రెండోదాని గురించి మధ్యాహ్నమంతా ఆలోచించాను, కప్పులు కడుగుతూ. సరైన పనే చేస్తున్నాననుకుంటే ఉత్తరం కింద నోరా హార్బాటిల్ అని రాసి ఉండేదాన్ని. పాలవాడికి రెండు సీసాలు చాలని చీటీ పెట్టినా పేరు రాస్తాను నేను. ఆ ఒక్క ఉత్తరానికే రాయలేదు. రాయకుండా కవరు నాలికతో తడిపి అతికించాను. అంటే ఆ క్షణంలోనే నాకు తెలుసు.

క్లిఫ్ పేరు కోసం ఒప్పుకుంటున్నాననుకున్నాను ఇన్నాళ్ళూ. అది కూడా ఉంది. కానీ అదొక్కటే కాదు.

జూన్ 20
గాలి చూసుకోలేదు. రైలెక్కేటప్పుడు మబ్బుగా ఉంది.

పెద్ద గది, పాత చెక్క వాసన. జడ్జి తెల్లజుట్టు విగ్గు కింద మామూలు ముసలాయనే. గుమాస్తా చదివాడు, లాభం కోసం, బెదిరించి, న్యాయం కాని కోరిక కోరిందని. వింటుంటే ఎవరో పెద్ద మనిషి గురించి చదువుతున్నట్టుంది.

ఒప్పుకుంటున్నానన్నాను. మిస్ ఫెన్విక్ కళ్ళు మూసుకుంది.

ఒప్పుకున్నాక ఎవరూ బోనెక్కలేదు. గడియారం ఏమిటని ఎవరూ అడగలేదు. క్లబ్బుకి సంబంధించిన ఒక విషయం అన్నారంతే. క్లిఫ్ పేరు ఒక్కసారి వచ్చింది, నవంబరులో ప్రమాదంలో చనిపోయిన ఏకైక కుమారుడని.

ఏమైనా చెప్పుకుంటారా అని జడ్జి అడిగాడు. లేచాను.

"పేరు రాయలేదండీ. తప్పని తెలిసే రాయలేదు. ఆ ఇంట్లో వాళ్ళని భయపెట్టాను. అందులో ఒకామె నాకు స్నేహితురాలు."

వెనక ఎవరో కుర్చీ జరిపారు. తిరిగి చూడలేదు.

తొమ్మిది నెలలు జైలన్నాడు. ఇప్పుడే వెళ్ళక్కర్లేదట, రెండేళ్ళు బుద్ధిగా ఉంటే అసలే వెళ్ళక్కర్లేదట. యాభై ఎనిమిదేళ్ళ దాన్ని బుద్ధిగా ఉండమన్నాడు.

జూన్ 24, శనివారం
గాలి నైరుతి. ఎండ. సముద్రం మీద పల్చటి తెలుపు.

పొద్దున షెడ్డు కడిగాను. ఎందుకో తెలీదు. గూళ్ళు గీకాను, వాడి గీకుడు కత్తితో. పదకొండు కావస్తుండగా వాలే పలక మీద చప్పుడైంది. కళ్ళు మూసుకుంటే వినపడే చప్పుడే అనుకుని పని ఆపలేదు. కళ్ళు తెరిచే ఉన్నానని తర్వాత తట్టింది.

నీలి గళ్ళది పలక మీద నిలబడి ఉంది. మెడ అటూ ఇటూ తిప్పింది. నిన్నగాక మొన్న వెళ్ళొచ్చినట్టు తలుపు ఊచలు తోసుకుని లోపలికొచ్చి, రెండో వరసలో మూడో గూడు దగ్గరికి నేరుగా ఎగిరింది. అది దాని గూడే.

విల్ఫ్ తలుపు తెరిచాడు. ఎవరూ అడక్కుండానే తెరిచాడు.

గింజల డబ్బా తెచ్చాను. తొందరలో సగం బార్లీ నేల మీద పడింది. అది దిగి వచ్చి నా బూటు పక్కనే తింది. ఒక్కో గింజా చూసి చూసి తింది. "వేశానురా" అన్నాను. షెడ్డులో ఎవరూ లేరు. అయినా అన్నాను.

తలుపు ఊచలకి లోపల చిన్న గడియ ఉంటుంది. కిందికి దించితే లోపలికొచ్చిన పక్షి మళ్ళీ బయటికి పోలేదు. నా చెయ్యి దాని మీదే ఉంది. ఎంతసేపుందో తెలీదు.

అప్పుడు దాని పొట్ట చూశాను. రొమ్ము కింద ఈకలు ఊడి చర్మం బయటపడి ఉంది. పొదిగే పక్షికి అలాగే ఉంటుంది. క్లిఫ్ వంద సార్లు చెప్పాడు, నేను ఉల్లిపాయలు తరుగుతూ వినీ విననట్టు విన్నాను. పగలు గుడ్ల మీద పోతు కూర్చుంటుందే అమ్మా, సాయంత్రం నుంచి తెల్లారేదాకా ఆడది. మన గనిలో షిఫ్టుల్లాగే. ఒక్క నిమిషం అటూ ఇటూ కాదు.

గుడ్లు విల్ఫ్ షెడ్డులో ఉన్నాయి.

గడియ మీంచి చెయ్యి తీసేశాను. బకెట్టు మీద కూర్చున్నాను. అది తొట్టిలో నీళ్ళు తాగింది, ఎండ పడేచోట ఒక రెక్క చాపుకుని పడుకుంది. నేను కూడా కునుకు తీశానేమో. కలలో క్లిఫ్ రాలేదు. ఎవరూ రాలేదు, ఎండ మాత్రమే ఉంది.

మూడున్నరకి అది లేచి పలక మీదికి వెళ్ళింది. ఒకసారి గుండ్రంగా తిరిగింది మా తోట మీద. తర్వాత చర్చి దాటి, గని చక్రం దాటి, విల్ఫ్ వాళ్ళ వైపు పోయింది.

అక్కడే కూర్చున్నాను. నిజంగా అటే పోయిందో, దారిలో డేగ ఉందేమో. వాడు ఆరు వందల మైళ్ళ పక్షి కోసం ఎలా కూర్చునేవాడో, అర మైలు పక్షి కోసం అలా కూర్చున్నాను.

నాలుగు దాటాక గేటు దగ్గర అడుగులు. హిల్డా. ఏప్రనుతోనే వచ్చేసింది, చేతికి పిండి. మార్చి తర్వాత నాతో మాట్లాడటం ఇదే. లోపలికి రాలేదు, గేటు తెరవలేదు. పైనుంచే చూసింది నన్ను, ఖాళీ డబ్బాని, నేల మీద బార్లీని.

"చేరిందే" అంది. "మూడూ ముప్పై నాలుగుకి."

గడియారం చూసి మరీ వచ్చింది.